‘స్కాబ్’ను తెలుగులో ఏమనాలి? మామయ్య చదివితే ఏమనుకుంటాడు?

కరీంనగర్ జిల్లా నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం సారాంశం ఇది. ఆమె వ్యవసాయ డిప్లొమా చదివారు. చాలా ఏళ్లుగా పంటల తెగుళ్లు, పశువుల జబ్బుల మీద వచ్చే ఇంగ్లీషు కరపత్రాలను తెలుగు చేసి సంపాదించుకుంటున్నారు. ఈ ఏడాది మొదటిసారి ఒక ప్రచురణకర్త ఆమెకు పుస్తకం అప్పగించారు. 1984-85 నాటి బ్రిటన్ బొగ్గుగని కార్మికుల సమ్మెలో పాల్గొన్న ఒక యార్క్‌షైర్ కార్మికుడి జ్ఞాపకాలవి. పాత పనికి వాడే అనువాద సాఫ్ట్‌వేర్‌తోనే మొదలుపెట్టారు. అందులో ఆమె కూర్చుకున్న పదకోశం ‘స్కాబ్’ కనపడ్డ ప్రతిచోటా ‘గజ్జి తెగులు’ అని, ‘బ్లాక్‌లెగ్’ కనపడ్డ ప్రతిచోటా ‘జబ్బవాపు’ అని నింపుకుంటూ పోయింది. పుస్తకంలో మాత్రం ఆ రెండూ సమ్మె జరుగుతుంటే పనిలోకి పోయినవాళ్లను తిట్టే మాటలు. ఆరు అధ్యాయాలు వెళ్లాక సంపాదకుడు ఫోన్ చేసి, “పోలీసు కాపలాతో జబ్బవాపులు బస్సెక్కి గనికి రావడమేంటమ్మా?” అన్నారట. అది చిత్తుప్రతి అని చెప్పి అప్పటికి తప్పించుకున్నారు.

అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలైంది. అన్నిచోట్లా ‘సమ్మె విచ్ఛిన్నకుడు’ అని పెట్టమని సంపాదకుడు అంటున్నారు. ఆమె తండ్రి ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు, 2019 సమ్మెలో చివరిదాకా నిలబడ్డారు. ఆయన నాలుగు పేజీలు చదివి, “ద్రోహి అని రాయి, మీ మామకు కూడా తెలియాలి” అన్నారు. మేనమామ లారీ డ్రైవర్. ఆ సమ్మెలో నెల రోజులు తాత్కాలిక డ్రైవర్‌గా బస్సు నడిపారు. ఆమె కంప్యూటర్ కోర్సు ఫీజు కట్టింది కూడా ఆయనే. బావామరుదుల మధ్య అప్పటినుంచీ మాటల్లేవు. పుస్తకం అచ్చయితే మామయ్య మొదటి కాపీ కొంటానన్నారట. “ఏ మాట పెట్టినా ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. పంపేసిన అధ్యాయాల తప్పు చెప్పాలా, చెప్పకుండా సరిచేసి పంపాలా?” అన్నది ఆమె ప్రశ్న.

సమాధానం:

మీ సాఫ్ట్‌వేర్ అబద్ధం చెప్పలేదు. అది నింపిన అర్థాలు నిజంగా ఉన్న అర్థాలే, కాకపోతే ఈ పుస్తకానివి కావు. కాబట్టి ముందు మాట సంగతి చూద్దాం. మామయ్య సంగతి దానికి అంటుకునే ఉంది కానీ, రెండూ ఒకేసారి పట్టుకుంటే ఏదీ తెగదు.

‘స్కాబ్’ ముందు చర్మరోగం. గోకుడు పుట్టించే జబ్బులన్నిటికీ పాత ఇంగ్లీషులో అదే పేరు, పుండు మీద ఆరి గట్టిపడే పక్కుకూ అదే పేరు. గొర్రెలకు పురుగు వల్ల వచ్చే గజ్జి, బంగాళాదుంప తోలు మీద బెరడులా లేచే మచ్చలు, ఆపిల్ కాయ మీద బూజు వల్ల వచ్చే నల్లమచ్చలు, ఆఖరికి గోధుమ కంకి పాలిపోయే తెగులు కూడా దాని కిందికే వచ్చాయి. పదహారో శతాబ్దం చివరికల్లా అది మనుషులకు తిట్టయింది, నీచుడు అనే అర్థంలో. సమ్మెకు అతుక్కున్నది ఆ తర్వాత. 1777లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో చెప్పులు కుట్టే కార్మికుల గొడవలో, కట్టు తప్పి పనిలోకి పోయినవాళ్లను ఆ మాటతో తిట్టినట్టు పత్రికలో అచ్చయింది. 1806లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో చెప్పుల కార్మికుల మీద నడిచిన కేసులో సాక్షులు కోర్టులోనే ఆ మాట వాడారు. అంటే ఫ్యాక్టరీలు, గనులు పెద్దవి కాకముందే ఈ తిట్టు సిద్ధంగా ఉంది.

‘బ్లాక్‌లెగ్’ దారి వేరు. పశువుల విషయంలో అది మీకు బాగా తెలిసిన జబ్బవాపే. బలంగా ఉన్న ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు దూడలకు తొడమీదో జబ్బమీదో వాపు వచ్చి, నొక్కితే లోపల గాలి ఉన్నట్టు కరకరలాడి, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీసేది. దీనికే వానలకు ముందు టీకా వేయించమని మీరు కరపత్రాల్లో రాస్తుంటారు. బంగాళాదుంప కాండం మొదలు నల్లబడి కుళ్లే తెగులుకూ అదే పేరు. పద్దెనిమిదో శతాబ్దంలో గుర్రప్పందేల దగ్గర మోసాలు చేసేవాళ్లను అలా అనేవాళ్లు. సమ్మె కాలంలో పనిచేసేవాడికి అది బ్రిటన్‌లో పత్రికల దాకా ఎక్కిన మాట. 1926 సార్వత్రిక సమ్మె నాటికి మామూలైపోయింది. ఈ రెంటికీ తూకం ఒకటి కాదు. ‘బ్లాక్‌లెగ్’ను యూనియన్ తీర్మానంలో రాయొచ్చు, పత్రిక వార్తలో రాయొచ్చు. ‘స్కాబ్’ను గోడమీద రంగుతో రాస్తారు, ముఖం మీద అంటారు. మీ రచయిత ఎక్కడ ఏది వాడాడో ఒకసారి గుర్తు పెట్టుకుంటూ చదవండి. తాతల కాలం సమ్మె గురించి చెప్పేటప్పుడు ‘బ్లాక్‌లెగ్’, తన వీధి గురించి చెప్పేటప్పుడు ‘స్కాబ్’ వాడి ఉంటాడని నా అంచనా. ఆ తేడాను మీ తెలుగు నిలబెట్టాలి.

ఇప్పుడు సంపాదకుడి మాట. ‘సమ్మె విచ్ఛిన్నకుడు’ తప్పు కాదు. చరిత్ర పుస్తకంలోనో కోర్టు తీర్పులోనో అయితే నేనూ అదే పెట్టమంటాను. కానీ పొద్దున ఐదింటికి గని గేటు ముందు చలిలో నిలబడ్డ కార్మికుడు, కిటికీలకు ఇనుప జాలీ కట్టిన బస్సు లోపలికి పోతుంటే “సమ్మె విచ్ఛిన్నకుడా!” అని అరవడు. అరిచాడని రాస్తే పాఠకుడు నవ్వుతాడు. సంపాదకుడికి ఒకే మాట కావాలనిపించడానికి కారణం ఉంది, ఒకే మాట ఉంటే ప్రూఫు చూడడం సులువు. ఆ సులువు కోసం పుస్తకం గొంతు పోగొట్టుకోకూడదు.

మన దగ్గరున్న మాటలు ఒక్కొక్కటీ ఎక్కడ పనికొస్తాయో, ఎక్కడ బెడిసికొడతాయో చూడండి.

‘యాజమాన్యం తొత్తు’ మన యూనియన్లలో రోజూ వినపడేదే. వాడి, వేడి రెండూ ఉన్నాయి. కానీ తొత్తు కావడానికి పనిలోకి పోనక్కర్లేదు. సమ్మెలో కూర్చుని లోపల రాజీ మాట్లాడే నాయకుణ్నీ తొత్తు అంటాం. మీ పుస్తకంలో తిట్టు పడుతున్నది గేటు దాటి పనిలోకి పోయినవాడి మీద. కాబట్టి అక్కడక్కడా తప్ప ఇది పూర్తిగా సరిపోదు.

‘ద్రోహి’కి బరువుంది, కానీ దాని నిండా తీర్పే. ‘సమ్మె ద్రోహి’ అంటే కాస్త హద్దులో ఉంటుంది. కథకుడు కోపంలో ఉన్న పేజీల్లో పెట్టండి. అతను ఇరవై ఏళ్ల తర్వాత నెమ్మదిగా చెబుతున్న పేజీల్లో పెడితే, అతను అనని తీర్పును అతని నోట్లో పెట్టినట్టవుతుంది.

‘గజ్జికుక్క’ను మీరు ఆలోచించినట్టు లేరు. చర్మరోగం, అసహ్యం, దగ్గరికి రానివ్వకపోవడం, మూడూ కలిసిన తిట్టు మన నోట్లోనే ఉంది. ‘స్కాబ్’ ఇంగ్లీషులో చేసే పనికి ఇంత దగ్గరగా వచ్చేది నాకింకోటి తోచడం లేదు. దానిలో సమ్మె అర్థం లేదు, నిజమే. కానీ గేటు ముందు దృశ్యంలో సమ్మె చుట్టూ కనపడుతూనే ఉంటుంది కదా, మాటలో మళ్లీ చెప్పక్కర్లేదు. అరుపులకు, గోడ రాతలకు ఇది వాడి చూడండి. కథనంలో మాత్రం వద్దు. పేజీకి నాలుగుసార్లు గజ్జికుక్క అంటే పుస్తకం తిట్లదండకం అవుతుంది.

ఇంకో దారి ‘స్కాబ్’నే ఉంచేయడం. మొదటిసారి వచ్చినచోట వాక్యంలోనే అర్థం తెలిసేలా కలిపేయాలి: “సమ్మె కట్టు తెంచుకుని పనిలోకి పోయినవాణ్ని మా దగ్గర స్కాబ్ అంటారు. పుండు మీది పక్కుకూ అదే మాట.” కథకుడే చెబుతున్నాడు కాబట్టి ఇది అతికినట్టు ఉండదు. ఆ తర్వాత మూడువందల పేజీలు ఆ మాట తనంతట తాను నడుస్తుంది. సమ్మె, యూనియన్, పికెటింగ్ తెలిసిన సింగరేణి పాఠకుడికి ఇది కష్టం కాదు. నష్టం ఏమిటంటే, అరుపుల దగ్గర తెలుగు చెవికి దెబ్బ తగలదు. అందుకే నాకు నచ్చేది కథనంలో ‘స్కాబ్’, అరుపుల్లో తెలుగు తిట్టు, పత్రికల మాటగా వచ్చినచోట ‘సమ్మె విచ్ఛిన్నకుడు’, పాత సమ్మెల దగ్గర ‘బ్లాక్‌లెగ్’. మీకు వేరే పంపకం నచ్చొచ్చు. ఏదైనా సరే, ఒక పేజీలో రాసి సంపాదకుడికి ముందే పంపండి. లేకపోతే ప్రూఫులో ఆయన అన్నిటినీ ఒక్కటి చేసేస్తారు.

మన పొరుగున తమిళులు, మలయాళీలు ఈ గొడవ ఎప్పుడో తేల్చుకున్నారు. కరుంకాలి, కరింకాలి అని సొంత మాటే ఉంది, యూనియన్ సభల్లో అది చాలు. మనకు అలా ఒక్క మాట నిలబడలేదు. దానికి మీరు బాధ్యులు కారు, ఈ పుస్తకంతో దాన్ని పుట్టించాల్సిన పనీ లేదు.

ఒక మాట మీద మాత్రం ప్రత్యేకంగా జాగ్రత్త పడండి. నాటింగ్‌హామ్‌షైర్ కార్మికుల గురించి రాసినచోట ప్రభుత్వం, చాలా పత్రికలు ‘పనిచేస్తున్న కార్మికులు’ అనేవి. అది అమాయకంగా కనపడే మాటే కానీ, అదీ ఒక పక్షం మాటే. 1984 మార్చిలో కార్టన్‌వుడ్ గని మూసివేత కబురుతో యార్క్‌షైర్‌లో రాజుకున్న సమ్మెకు యూనియన్ దేశమంతటా ఓటింగు పెట్టలేదు. నాటింగ్‌హామ్‌షైర్‌లో తమ ప్రాంతం వరకు జరిగిన ఓటింగులో ఎక్కువమంది సమ్మె వద్దన్నారు, పనిలోకి పోయారు. “ఓటే పెట్టని సమ్మెకు మేం కట్టుబడేదేంటి” అన్నది వాళ్ల వాదన. “గనులు మూతపడుతుంటే ఓట్ల లెక్కేంటి” అన్నది ఇవతలి వాదన. 1985 మార్చి 3న సమ్మె విరమించారు. అదే ఏడాది నాటింగ్‌హామ్ వాళ్లు వేరే యూనియన్ పెట్టుకున్నారు. ఇప్పటికీ ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు ఆడుతుంటే యార్క్‌షైర్ జట్ల అభిమానులు స్టేడియంలో అదే తిట్టు అరుస్తారు. ‘పనిచేస్తున్న కార్మికుడు’, ‘సమ్మె విచ్ఛిన్నకుడు’, ‘స్కాబ్’ ఒకే మనిషిని చూపిస్తాయి, కానీ చూపించే వేలు వేర్వేరు మనుషులది. అనువాదంలో ఎవరి వేలో తెలియాలి.

పుండు అర్థం కూడా మీ పుస్తకంలో తప్పకుండా ఉంటుంది. తక్కువ ఎత్తు సొరంగాల్లో వంగి పనిచేసే గని కార్మికులకు పైకప్పు రాళ్లు తగిలి వెన్నుపూస మీద వరుసగా పక్కులు కట్టేవి. పక్కన క్రియ చూడండి. గీకడం, రాలడం, కట్టడం, ఆరడం ఉంటే పక్కు. దాటడం, దిగడం, బస్సు, గేటు, కేకలు ఉంటే మనిషి. రెండూ కలిపి రచయిత చమత్కారం చేసినచోట, అంటే మానుతున్న పుండు మీద పక్కు గీకినట్టు పాత పగను గీకాడన్న వాక్యాల్లో, ‘స్కాబ్’ను ఉంచి ‘పక్కు’ను పక్కనే పెట్టండి. ఆస్ట్రేలియా బంధువు ఎవరైనా పుస్తకంలో కనిపిస్తే ఇంకో ఉచ్చు ఉంది. వాళ్ల వాడుకలో ఆ మాటకు ‘అడుక్కుని తీసుకోవడం’ అని కూడా అర్థం. సిగరెట్టు ‘స్కాబ్’ చేశాడంటే ఎవరి దగ్గరో ఊరికే తీసుకున్నాడని.

ఇక శుభ్రం చేసే పని. ముందు సాఫ్ట్‌వేర్‌లో ఈ పుస్తకానికి వేరే ప్రాజెక్టు, వేరే అనువాద స్మృతి (మీరు చేసిన పాత వాక్యాలను దాచిపెట్టుకునే చోటు), వేరే పదకోశం తెరవండి. ఒకే వాక్యం మళ్లీ వస్తే దానంతటదే నింపే సదుపాయాన్ని ఆపేయండి. పాత స్మృతిని చదవడానికి మాత్రమే ఉంచి, రాయడం ఆపండి. లేకపోతే రేపు కరపత్రంలో ‘సమ్మె ద్రోహి రాకుండా వానలకు ముందు టీకా వేయించాలి’ అని వస్తుంది, అది మొదటి తప్పుకన్నా ప్రమాదం. తర్వాత ఇంగ్లీషు మూలంలో స్కాబ్, స్కాబ్స్, స్కాబ్డ్, స్కాబింగ్, స్కాబీ, బ్లాక్‌లెగ్, బ్లాక్‌లెగ్గింగ్ అన్నీ వెతికి, ఒక్కోటి ఉన్న వాక్యమంతా ఒక పట్టికలో వేసుకోండి. పక్కనే ఎవరు అంటున్నారు, ఎవరిని అంటున్నారు, ఎప్పుడు అన్న గడులు పెట్టుకోండి. పట్టిక పూర్తయ్యాకే తెలుగు ముట్టుకోండి.

ఒక్కసారిగా ‘అన్నీ మార్చు’ నొక్కొద్దు. తెలుగులో విభక్తి మాటకు అతుక్కుంటుంది. ‘గజ్జి తెగులు’ను వెతికి మారిస్తే ‘గజ్జి తెగుళ్లు’ అలాగే మిగిలిపోతుంది, ‘గజ్జి తెగులును’ మారిస్తే ‘స్కాబ్ను’ అని వికృతంగా తయారవుతుంది. ‘గజ్జి తెగు’, ‘జబ్బవా’ అని సగం మాటతో వెతికి ఒక్కోటీ చేత్తో మార్చండి. ‘బ్లాక్‌లెగ్’లో క్ తర్వాత కనపడని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది. అది లేకుండా టైపు చేస్తే క్రింద లావత్తు పడి ‘బ్లాక్లెగ్’ అవుతుంది. కంటికి కాస్త తేడా, కంప్యూటర్‌కు మాత్రం పూర్తిగా వేరే మాట, ఒకటి వెతికితే రెండోది దొరకదు. రెండు రకాలుగానూ వెతకండి. అచ్చుకు యూనికోడ్ నుంచి ‘అను’ ఫాంట్లకు మార్చాక ఆ మాటలున్న పేజీలు మళ్లీ తిప్పి చూడండి, ఆ గుర్తు ఒక్కోసారి ఎగిరిపోతుంది.

ఈ అవకాశంలోనే మీ పాత పదకోశాన్నీ ఒకసారి దులపండి. ‘స్కాబ్’ అంటే అన్ని పంటలకూ ‘గజ్జి తెగులు’ అని మీరు పెట్టుకున్నారు. మన రైతు నిమ్మతోటలో గజ్జి తెగులు అంటున్నది బ్యాక్టీరియా వల్ల వచ్చే క్యాంకర్‌ను. నిమ్మజాతికి ‘స్కాబ్’ అని ఇంగ్లీషులో పిలిచేది బూజు వల్ల వచ్చే ఇంకో తెగులు. మందు మారిపోతుంది. పంట పేరు లేకుండా ఆ పదాన్ని పదకోశంలో ఉంచొద్దు.

పంపేసిన ఆరు అధ్యాయాల విషయంలో, చెప్పకుండా సరిచేసి పంపడం కుదురుతుంది కానీ తెలివైన పని కాదు. ఆయన దగ్గర పాత ఫైలు ఉంది, దాని మీద ఆయన దిద్దుబాట్లు మొదలుపెట్టి ఉండొచ్చు. మీరు కొత్తది పంపితే రెండు ప్రతులు కలగలిసిపోయి, ఎక్కడో ఒక జబ్బవాపు అచ్చులోకి జారుకుంటుంది. చెబితే మాట పడాల్సి రావచ్చు, ప్రూఫు ఖర్చు కొంత మీ పారితోషికంలో తగ్గించవచ్చు. చెప్పక దొరికిపోతే రెండో పుస్తకం రాదు. పాత ఫైళ్లను పక్కన పడేయమని, కొత్త ఫైళ్ల పేర్లకు తేదీ పెట్టానని, కారణం ఇదని నాలుగు వాక్యాల్లో మెయిల్ చేయండి. దానికే మీ పదాల పేజీ జతచేయండి. తప్పు ఒప్పుకున్నట్టూ ఉంటుంది, పని తెలిసినట్టూ ఉంటుంది.

ఇప్పుడు మీ నాన్నగారు, మామయ్య. 2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె 52 రోజులు నడిచింది. తాత్కాలిక డ్రైవర్లకు రోజుకు 1,500, కండక్టర్లకు 1,000 రూపాయలు ఇచ్చి బస్సులు తిప్పారు. మీ ఇంట్లో ఒకరికి జీతం లేదు, ఇంకొకరికి రోజుకూలీ దొరికింది, ఆ డబ్బు వచ్చింది ఈ జీతం ఆగినందువల్లే. నాన్నగారి కోపం ఉత్తదేం కాదు. మీ ఉత్తరంలో మామయ్యను వెనకేసుకొస్తూ ఆ సంగతి మీరు కాస్త తేలిగ్గా దాటేశారనిపించింది.

అయినా ఈ పుస్తకంలో స్కాబ్ అనిపించుకున్నవాళ్లకూ, మామయ్యకూ ఒక తేడా ఉంది. వాళ్లు అదే గనిలో, అదే యూనియన్‌లో, నిన్నటిదాకా పక్కన నిలబడి బొగ్గు తవ్వినవాళ్లు. కట్టు తెంచుకున్నది లోపలివాళ్లు కాబట్టే అక్కడ అంత పగ. మామయ్య ఆర్టీసీ మనిషి కాదు, యూనియన్‌కు ఇచ్చిన మాటేం లేదు, లోడు లేని లారీ డ్రైవర్. ఇంగ్లీషు యూనియన్ భాషలో బయటినుంచి వచ్చి ఆ పని చేసినవాణ్నీ అదే మాట అంటారు, కాదనను. కానీ నాన్నగారికి కోపం మామయ్య యూనియన్ కట్టు తెంచాడని కాదు, బావను చూసి కూడా స్టీరింగు పట్టాడని. అది చుట్టరికం కోపం. దాన్ని గని సమ్మె మాటతో తీర్చుకోబోతే తీరదు.

మీ ముందు కొన్ని దారులున్నాయి. నాన్నగారు అన్నట్టు అంతటా ‘ద్రోహి’ రాయొచ్చు. ఆయన సంతోషిస్తారు, పుస్తకం ఒంటి గొంతు అవుతుంది, మామయ్యకు అది మీరన్న మాటలా వినపడుతుంది. మామయ్య కోసం మెత్తబరచి అంతటా ‘పనికి వెళ్లినవారు’ అని రాయొచ్చు. అది రచయితకు అన్యాయం, నాన్నగారు మొదటి పేజీలోనే పట్టేస్తారు. మూడోది, పుస్తకాన్ని రచయిత అన్నట్టే ఉంచి, అచ్చుకు ముందు మామయ్యకు మీరే చెప్పడం. “మామయ్యా, ఇందులో సమ్మెలో పనిచేసినవాళ్లను గజ్జికుక్కలన్నారు, అది ఆ రచయిత మాట, మార్చలేను” అని. ఆయన అలగొచ్చు. కొని, చదివి, అర్ధరాత్రి మీకు ఫోన్ చేయడం కన్నా అది నయం. ఫోన్లో వద్దు, ఇంటికెళ్లి చెప్పండి, నాన్నగారు పంపినట్టు కనపడకుండా ఒంటరిగా వెళ్లండి. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టే ప్రయత్నం మాత్రం ఈ పుస్తకం పేరుతో చేయొద్దు.

నాన్నగారు ఇంకా పట్టుబడితే ఒక సంగతి చెప్పి చూడండి. అమెరికాలో ఒక పోస్టల్ యూనియన్ తన పత్రికలో యూనియన్‌లో చేరనివాళ్ల పేర్లు ‘స్కాబ్’ల జాబితాగా వేసి, వాళ్లను ద్రోహులని కూడా అంది. పరువునష్టం కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1974లో కోర్టు యూనియన్ వైపే తీర్పిచ్చింది. కార్మిక వివాదంలో అలాంటి మాటలు వేడిలో అనే తిట్లే తప్ప ఎవరి మీదా మోపిన నేరం కాదని చెప్పింది. ఆయనకు ఈ తీర్పు నచ్చుతుంది. “మరి తిట్టు తిట్టుగానే ఉండనిద్దాం నాన్నా, బంధువు మీద తీర్పుగా ఎందుకు?” అని అడగడానికి మీకు సందు దొరుకుతుంది.

కృతజ్ఞతల పేజీలో మామయ్య పేరు పెట్టాలా అని ఉత్తరం చివర ఒక్క వాక్యంలో అడిగారు. కోర్సు ఫీజు ఆయన కట్టారు కాబట్టి పెట్టొచ్చు, ఆ కారణంతోనే, ఒక్క వాక్యంలో. నాన్నగారి పేరు పక్కన కాకుండా వేరే పేరాలో రాయండి. ముందు అమ్మతో మాట్లాడండి, ఇద్దరి మధ్య నలిగిందీ ఆమే, ఏది రాస్తే ఎవరు ఎలా తీసుకుంటారో తెలిసిందీ ఆమెకే. ముందుమాట పేజీలు ప్రూఫుకు వెళ్లకముందే తేల్చుకోండి.